పాత గిరాకీకే ఎక్కువ రేటు

నా పేరు స్వరూప. భర్త ప్రేమ్‌రాజ్. వయసు నలభై మూడు. శాలిబండల పెండ్లికార్డుల ప్రెస్సు నడుపుతం. అఫ్జల్‌గంజ్‌ల కంప్యూటర్ల దుకాణపాయన ప్రణీత్ నా మీద దరఖాస్తు ఇచ్చిండని పిలిస్తే వచ్చి, ఎస్సై సారు అడిగినదానికి చెప్తున్న.

మా ప్రెస్సుల ఉన్నది ఒక్కటే కంప్యూటర్. అది నడిచే సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ప్రణీత్ తాననే పైసలు పెట్టి కొన్నం. పోయిన నెల అది పాతదైందని, కొత్తది ఎక్కించుకోకుంటే కార్డుల డిజైన్లు తెరుచుకోవని తెర మీద పడ్డది. దుకాణానికి పోయిన. పాత కస్టమర్లకు పదకొండు వేలన్నడు. ఆయన వెనక అద్దం మీద కొత్త కస్టమర్లకు ఆరు వేలని కాయితం అంటించి ఉన్నది. గిదేంది తమ్మీ అని అడిగిన. "కంపెనీ రేటు మేడమ్, నా చేతుల ఏం లేదు" అన్నడు.

నాకు మస్తు కోపం వచ్చింది. మా తానికి పాత గిరాకీ వస్తే ఇరవై కార్డులు కొసరేస్తం, మూలలకు పసుపు గూడ మేమే పెట్టిస్తం. ఈడ పాతోళ్ళ తానే ముక్కుపిండి వసూల్ చేస్తున్నరు. అందుకే ఉప్పుగూడ నుంచి మా ఆడబిడ్డ సుజనను పిలిపిచ్చి, ఆమె పేరు మీద ఆరు వేలకు కొనిపిచ్చిన. దాచేదేం లేదు.

మా కంప్యూటర్ల ఎక్కించంగనే కంపెనీ మిషన్‌ను గుర్తు పట్టింది. పాత కస్టమరే అని పాతదీ కొత్తదీ రెండూ బంద్ చేసింది. పైసలు వాపస్ ఇయ్యలే. మా పాత గిరాకీ ఎల్లమ్మ మనుమరాలు నందిని పెండ్లికార్డు సగం చేసింది లోపలనే ఇరుక్కున్నది.

మళ్ల ప్రణీత్ దుకాణానికి పోయిన గని, ఏదీ పగలగొట్టలే. ఎవ్వరినీ తిట్టలే. దుకాణం మెట్ల మీద కూసున్న. వచ్చినోళ్ళకు ఒక్కటే చెప్పిన: "అన్నా, ఇంతకుముందు ఈడ కొన్నమని చెప్పకుండ్రి. కొత్తోళ్ళమని చెప్పుండ్రి." కొందరు నవ్విండ్రు. ఒకాయన మర్లి ఇంటికి పోయిండు. దానికే ప్రణీత్ దరఖాస్తుల గిరాకీ చెడగొట్టిందని రాసిండు, మోసం చేసిందని గూడ రాసిండు. పైసలిచ్చి కొన్నది నా కంప్యూటర్ల ఎక్కించుకుంటే మోసమెట్లయితది సారూ.

ఎల్లమ్మ ముగ్గురు బిడ్డల పెండ్లికార్డులు మా తాననే కొట్టించింది. ఈసారి గూడ మా కోసమే ఆగింది. లగ్గం దగ్గర పడ్డదని నిన్న వేరే ప్రెస్సుకు పోయింది. పొద్దుగాల ఆమెనే ఫోన్ చేసి చెప్పింది. కొత్త గిరాకీ అని ఆడ రేటు తక్కువ చేసిండ్రంట.

రాసింది సదివి వినిపిచ్చిండ్రు. నేను చెప్పినట్టే ఉన్నది, అబద్ధం ఒక్కటి లేదు. మోసం అన్న మాట నాది కాదు, ప్రణీత్‌ది అని గూడ రాయించి సంతకం పెడుతున్న.

(సం) స్వరూప