ఎవరెత్తుకున్నా ఏడవదు

పెద్దాఫీసరు వస్తున్నారని, ఓడరేవు పక్క పేటలోని అంగన్‌వాడీ ముందు ఆ రోజు ముగ్గు కూడా పడింది. టీచరు జ్యోతిర్మయి పిల్లల ముక్కులు తుడిపించే హడావిడిలో ఉంటే, రొయ్యల షెడ్డుకి పోవలసిన దేముడమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"చీటీయా? ఏం చీటీ?"

"పెద్దాసుపత్రికి రాసే చీటీ, టీచరమ్మా. పిల్లల మనసు సూసే డాక్టరున్నాదంట కదేటి. మీరు రాత్తేనే సూత్తాదంట."

"మనసా! రొయ్యలు వొలిచే దేముడమ్మ కూతురికి మనసు డాక్టరా! ఇంకా నయం, విమానం టిక్కెట్టు అడిగావు కాదు."

"నవ్వుకోండి. నవ్వేసి రాయండి."

"ఏం జబ్బని రాయను? ఈ పద్దెనిమిది మందిలో నీ శ్రీసత్యంత బుద్ధిమంతురాలు లేదు. మిగతా వాళ్ళు పొద్దున్న దింపితే మధ్యాహ్నం దాకా ఒకటే రాగాలు. ఇది ఎవరెత్తుకున్నా ఏడవదు. అందుకే ఆఫీసరమ్మ ఒళ్ళో దీన్నే కూచోబెడుతున్నాను. ఫొటో పేపర్లో పడుతుంది. మంచి గౌను తెమ్మన్నాను, తెచ్చావా?"

"తేనేదు."

"తేలేదా!"

"ఏడవకపోడమే దాని రోగం, టీచరమ్మా."

"ఓసోస్! ఇదిగో, ఫోనులో దీని ఎదుగుదల ప్రశ్నలన్నీ నింపాను. కొత్తవాళ్ళతో కలుస్తుందా? కలుస్తుంది. తల్లిని వదిలి ఉంటుందా? ఉంటుంది. చూడు, అన్నీ పచ్చరంగే."

"మురిక్కాలవ మీద నాచు కూడా పచ్చగానే ఉంటాది."

"నోరు జాగ్రత్త!"

"ఆ కాలవలోంచే కదా మా కుళాయి గొట్టం ఒచ్చింది. దీనికి నాలుగేళ్ళు నిండకుండా మూడుసార్లు వాంతులూ ఇరోసనాలూ. మూడుసార్లూ ఆసుపత్రే."

"నీళ్ళు కాచి పట్టమని ఎన్నిసార్లు చెప్పాను! మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే."

"సెప్పారు, ఎందుకు సెప్పనేదు! గ్యాసు బండే పంపనేదు."

"అయితే ఇప్పుడేంటంటావు? తగ్గిందిగా. బతికిందిగా."

"బతికింది. నాను పన్లోకి ఎల్లకపోతే ఇంట్లో గింజ నేదు. దాన్ని ఆసుపత్రి మంచం మీద ఒగ్గీసి, పక్క మంచాలోళ్ళకి అప్పసెప్పి ఎల్లిపోయీదాన్ని. మూడోపాలి, మొదట నాలుగు రోజులు దాని ఏడుపు మెట్ల దాకా ఇనబడీది. అయిదో రోజు ఇనబడనేదు."

"అలవాటు పడుంటుంది."

"పక్క మంచం ముసల్దీ అదే అంది. 'నీ పిల్ల బంగారం' అంది. నానూ సంబరపడిపోయాను, టీచరమ్మా. సిగ్గునేకండా సంబరపడ్డాను. అప్పుట్నుంచి పడిపోయినా ఏడవదు, కొట్టినా ఏడవదు. దారంట పోయీవోడు సెయ్యి సాపితే ఎల్లిపోద్ది."

"కలుపుగోలు పిల్ల. అందుకు సంతోషించాలి గానీ..."

"మీ నిఖితని అలా ఎల్లనిత్తారేటి?"

"మా అమ్మాయి సంగతెందుకు మధ్యలో? దానికి నేను కనపడకపోతే ప్రాణం పోతుంది."

"అదే నానడుగుతన్నాది."

"ఆఫీసరమ్మ కారు దిగే వేళయింది, దేముడమ్మా. ఎంతైనా కన్నతల్లివి, నిన్నూ పట్టించుకోదంటావా? విడ్డూరం కాకపోతే!"

"సూత్తారా? సూసి రాత్తారా చీటీ?"

"ఆ, రాస్తాను. ముందు అడ్డు తప్పుకుని..."

"సత్తీ! ఇలా సూడమ్మా. నానెల్లిపోతన్నాను. మరింక రాను. నువ్విక్కడే ఉండిపో."

"ఛీ ఛీ! పిల్లతో అనే మాటేనా అది? ఇప్పుడది గుక్కపట్టిందంటే ఆఫీసరమ్మ ముందు నా పరువు..."

"గుక్కపడితే మీ కాళ్ళు కడిగి నెత్తిన జల్లుకుంటాను. చీటీ కూడా ఒద్దు. ఏడవ్వే, సత్తీ. నానెల్లిపోతన్నానే. ఇదిగో, గుమ్మం దాటేత్తన్నాను. ఒక్కపాలి ఏడవ్వే, తల్లీ."

"టాటా, ఆంటీ."