పట్టుకుంటే విడవదు

(పరిశోధన చేసే ల్యాబ్‌లో ఒక గది. అక్క అక్కడ పనిచేస్తుంది. చెల్లెలు పొద్దున బస్సు దిగి ఆమెను చూడటానికి వచ్చింది.)

"కూర్చోవే, ఎంతసేపని అలా నిలబడతావు?"

"పర్లేదక్కా. బస్సులో కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. ముందు నా సంగతి చెప్పు. పాసా, ఫెయిలా?"

"రక్తానికి పాసూ ఫెయిలూ ఏంటే! ఉండు, మళ్లీ చూస్తున్నా... అది ముట్టుకోకు!"

"ముట్టుకోలేదు, చూస్తున్నా."

"చేత్తో చూస్తావా?"

"సరే సరే. ఏమైంది, మొహం అలా పెట్టావు?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఆ కుర్చీని అటూ ఇటూ ఎందుకు తోస్తున్నావు?"

"ఈ పళ్లెంలో గుంటలు కనబడుతున్నాయా? ఒక్కో గుంటలో ఒక్కొక్కరి రక్తం. అందరివీ వెలిగాయి. ఒక్క గుంట మాత్రం చీకటి."

"నాదేనా?"

"నీదే. సున్నా."

"సున్నా అంటే?"

"నేను వెతుకుతున్న ప్రోటీన్ బతికున్న ప్రతి మనిషిలోనూ ఉంటుంది. నీలో లేదంటోంది నా పరీక్ష."

"అంటే నేను పోయానన్నమాట. ముందే చెప్పుంటే టికెట్టు లేకుండానే బస్సెక్కేదాన్ని."

"జోకులాపు. కాసేపట్లో సార్ వచ్చి చూస్తారు. బతికున్న మనిషికి సున్నా చూపించే పరీక్ష ఎందుకమ్మా, అవతల పారెయ్ అంటారు. ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసినట్టే. రక్తం ఇచ్చేవాళ్లెవరో రాలేదని నీ చెయ్యి చాపమన్నాను చూడు, నన్ను అనాలి."

"నా రక్తం ఎక్కడికెళ్లినా ఇంతేలే. మొన్న ఆసుపత్రిలోనూ లేదంది. ఇక్కడా లేదంటోంది."

"ఏయ్... నేను ఆ ఉద్దేశంతో అనలేదు."

"తెలుసులే."

"అసలు ఆ సంగతి ఎత్తకూడదనే అనుకున్నా. నువ్వు వచ్చింది కాస్త మరిచిపోదామని."

"ఎత్తితే ఏముంది? పిండాన్ని లోపల పెట్టారు. రక్తం తీసి చూశారు. నిలవలేదమ్మా, గర్భం లేదు అన్నారు. ఇంజెక్షన్లు ఆపేయమన్నారు. అయిపోయింది."

"ఆపేశావా?"

"అవి ఇచ్చేదే పిండం నిలబడటానికి. నిలబడేదే లేనప్పుడు ఇంకెందుకు? మా ఆయన కూడా, ఇంక ఒళ్లు హూనం చేసుకోకు, మిగిలినవి పారెయ్ అన్నారు."

"పారేశావా?"

"అబ్బా, నీ పళ్లెం సంగతి చూడక్కా!"

"చూస్తున్నా... రెండుసార్లు చేశాను, రెండుసార్లూ అంతే. నువ్వేమైనా మందులు వాడుతున్నావా?"

"పొద్దునే అడిగావుగా."

"మళ్లీ అడుగుతున్నా."

"లేవు."

"విటమిన్లు?"

"విటమిన్లు కూడా మందులేనా?"

"అంటే వాడుతున్నావు."

"నేనెప్పుడన్నాను?"

"సంచి ఇటివ్వు."

"ఇస్తాను, నవ్వకూడదు మరి."

"నవ్వను. ఏంటివి?"

"జుట్టు మాత్రలు."

"ఏంటీ?"

"జుట్టు ఊడిపోతోందక్కా! ఈ వైద్యం మొదలెట్టినప్పటి నుంచీ దువ్వెన నిండా జుట్టే. నడినెత్తిన చూడు, ఎలా పల్చబడిందో. ఫోన్లో ప్రకటన చూసి తెప్పించుకున్నా. ఆసుపత్రిలో కూడా చెప్పలేదు. పిల్లల కోసం వచ్చి జుట్టు గురించి ఏడుస్తోందేంటి ఈవిడ అనుకుంటారని సిగ్గేసింది. నవ్వనన్నావు!"

"నవ్వడం లేదే. బయోటిన్! ఇందులో ఉన్నదంతా ఆ విటమినే!"

"అరవకు, బయట వింటారు."

"ఎంత పవరే ఇది! పొద్దున వేసుకున్నావా?"

"పూటకి రెండు."

"ఒకటే వేసుకోమని రాసుంది కదా!"

"రెండైతే తొందరగా మొలుస్తుందని."

"నా తల్లీ! నా బంగారం! నా పరీక్షకి ఏ రోగమూ లేదు, దొంగవి నువ్వు! ఇటు రా..."

"అబ్బా! మెల్లగా పట్టుకో, నొప్పి."

"ఎక్కడ నొప్పి?"

"ఎక్కడా లేదు. ముందు నేనేం దొంగతనం చేశానో చెప్పు."

"ఈ గుంట అడుగున ఒక ప్రోటీన్ పూసి ఉంటుంది. స్ట్రెప్టావిడిన్."

"స్ట్రెప్టా... ఏంటీ?"

"విడిన్. పేరులోనే విడిన్, పట్టుకుంటే మాత్రం విడవదు. దానికి నాలుగు చేతులున్నాయనుకో. బయోటిన్ కనబడితే చాలు, ఉడుంపట్టే. అందుకని, నేను వెతికేదాన్ని పట్టే కొక్కేనికి ఒక బయోటిన్ తోక తగిలిస్తాను. చెయ్యి తోకని పట్టుకుంటుంది, కొక్కెం రక్తంలోని ప్రోటీన్‌ని పట్టుకుంటుంది, ఆ ప్రోటీన్‌కి వెలిగే రంగు అంటుకుంటుంది. గొలుసన్నమాట. తర్వాత గుంటని కడిగేస్తాం."

"కడిగాక కూడా వెలిగితే ఉన్నట్టు."

"అంతే! నీ రక్తంలో ఏమైంది? ఎక్కడ చూసినా జుట్టు మాత్రల బయోటినే. చేతులన్నీ ముందే దాన్ని పట్టేసుకున్నాయి. నా గొలుసుకి ఒక్క ఖాళీ చెయ్యీ దొరకలేదు. కడిగేసరికి రంగుతో సహా మొత్తం కొట్టుకుపోయింది."

"అయితే ఆ ప్రోటీన్ నాలో ఉందా?"

"నిక్షేపంలా ఉంది. సున్నా అంటే లేదని కాదే పిచ్చిదానా. పట్టుకోలేకపోయింది, అంతే. ఉండు, సార్‌కి ఫోన్ చేసి చెప్తా..."

"అక్కా."

"ఆగవే, రింగవుతోంది."

"అక్కా, ఫోన్ పెట్టెయ్."

"ఏమైంది?"

"ఆసుపత్రిలో రక్తం చూసే మిషన్లుంటాయి చూడు... వాటిలో కూడా ఈ చేతులుంటాయా?"

"కొన్నిట్లో ఉంటాయి. ఎందుకు?"

"గర్భం ఉందో లేదో చూసేవాటిలో?"

"వాటిలోనూ కొన్నిట్లో ఉంటాయి."

"అయితే?"

"ఆ రోజు కూడా వేసుకున్నావా, ఈ మాత్రలు?"

"రోజూ వేసుకుంటున్నా."

"రక్తం ఇవ్వకముందా, ఇచ్చాకా?"

"ముందే. లేవగానే."

"ఇలా చూడు. నా మొహం చూడు. వాళ్ల మిషన్ ఎలాంటిదో నాకు తెలియదు. నేనేమీ చెప్పడం లేదు. ఆశ పెట్టుకోకు."

"పెట్టుకోను."

"నిజంగానే లేకపోయి ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"కానీ ఈ మాత్రలు ఆపి మళ్లీ రక్తం ఇవ్వాలి. మీ డాక్టరమ్మ నంబరు చెప్పు, ఇప్పుడే మాట్లాడదాం. చెప్పవే!"

"సార్ వస్తారన్నావు కదా?"

"వస్తే కూర్చుంటారు. నంబరు... అయ్యో. అయ్యో, ఆ ఇంజెక్షన్లు! ఆపేసి ఇన్ని రోజులైందే! ఒకవేళ నిజంగానే ఉండి ఉంటే, అవి లేకుండా అది ఎలా... వెధవ జుట్టు మాత్రలు, ఎంత పని చేశాయే! ఏడుస్తున్నావా? ఏడవకే. తప్పు నాదే, నోరు మూసుకుని ఉండాల్సింది. కళ్లు తిరుగుతున్నాయా? కూర్చో. కూర్చోవే బాబూ, పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు!"

"కూర్చోలేనక్కా. బస్సెక్కే ముందు వేయించుకున్న ఆ ఇంజెక్షన్ ఇంకా సలుపుతోంది."