బ్రేకు మీద కాలు

"చిన్న సంగతే లెండి. చెప్పుకోవాల్సింది కూడా కాదు," అంటూ బావ డిపో ఎదురుగా ఉన్న టీకొట్లో రెండు స్టూళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆ మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్లు గ్లాసులు పట్టుకుని ముందుకు జరిగారు. బావ నోట 'చిన్న సంగతి' వచ్చిందంటే ఇక డ్యూటీ గంట కొట్టేదాకా ఎవరూ కదలరు.

బస్సు డ్రైవరుగా చేస్తున్న ఆయన్ని డిపోలో అందరూ ట్యాంకర్ అంటారు. ఎవడో వెక్కిరింతకి పెట్టిన పేరు, ఆయన దాన్ని బిరుదులా తగిలించుకున్నాడు. స్టీరింగుకీ ఆయన పొట్టకీ మధ్య వేలు దూరదు. బస్సెక్కిన ప్రతివాడూ ముందు ఆ పొట్ట వంకే చూస్తాడు. వాడు నవ్వేలోపు బావే ఏదో ఒకటి అని నవ్వించేస్తాడు. అదే బస్సులో కండక్టరుగా తిరిగే బావమరిదికి ఈ కిటుకు బాగా తెలుసు. కోతలు కోస్తున్నంతసేపూ బావని ఎవరూ జాలిగా చూడరు. అందుకే ఇన్నాళ్లూ ఎన్ని కోసినా అడ్డు చెప్పలేదు.

ఇవాళ మాత్రం బావమరిది టీ ముట్టుకోలేదు. ఎదురు బల్ల మీద మెకానిక్ తల వంచుకుని కూర్చున్నాడు. నిన్న సాయంత్రం మార్కెట్ వాలులో బస్సు ఆగకుండా పోయి ఒక పళ్ల బండిని తుక్కుతుక్కు చేసింది. పళ్లమ్మే ముసలాయన పక్కకి దూకాడు కాబట్టి బతికాడు. బ్రేకు పడలేదని బావ మేనేజరుకి చెప్పాడు. నిన్న పొద్దున బ్రేకులు చూసి ఆ బస్సుని బయటికి వదిలింది ఈ మెకానిక్కే. ఇంకాసేపట్లో మేనేజరు ముగ్గురినీ గదిలోకి పిలుస్తాడు. మెకానిక్ ఉద్యోగం ఊడినట్టేనని డిపో అంతా చెప్పుకుంటోంది.

"ఇంతకీ నిన్న ఏం జరిగిందన్నా?" అన్నాడు కొత్తగా చేరిన డ్రైవరు.

"ఏం జరిగిందంటే... మధ్యాహ్నం కాస్త తేలిగ్గా తిన్నాను. డాక్టరు తగ్గించమన్నాడుగా, తగ్గించా. డజను గుడ్లు, రెండు రొట్టెలు. రెండంటే రెండు ముక్కలనుకునేరు, బేకరీవాడు మోచేతి పొడుగున చేస్తాడే, అవి. పైన ఒక కేకు. అంతే! ఖాళీ కడుపుతో బండెక్కినట్టే లెక్క. వాలు దిగుతున్నా. ఎదురుగా పళ్ల బండి. బ్రేకు తొక్కా, లేదు! మళ్లీ తొక్కా, లేదు! ఇంకొకడైతే కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. నేనేం చేశానో తెలుసా? తలుపు తీసి కాలు కింద పెట్టా."

"నడుస్తున్న బస్సులోంచా?" టీ వడపోస్తున్న కొట్టు పిన్ని చెయ్యి ఆగింది.

"పరిగెత్తే బస్సులోంచి పిన్నీ! నడిచేదైతే చిటికెన వేలితో ఆపనూ? మడమ ఆనించేసరికి నిప్పులు లేచాయి. తారు రోడ్డు వెన్నలా చీలింది. వాలు మొదలు నుంచి చివరిదాకా ఇంత లోతు కాలవ! పొద్దున్నే నీళ్లవాళ్లొచ్చి, మళ్లీ తవ్వే పని లేదని అందులోనే పైపులు వేసేసుకున్నారు."

అందరూ గొల్లుమన్నారు. బావమరిది నవ్వలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వెనక ఒక లారీ, దానికీ బ్రేకు లేదు. దాని వెనక మూడు బస్సులు, వాటికీ లేవు. అన్నీ వచ్చి నా బస్సుని గుద్దుకున్నాయి. అన్నీ ఈ ఒక్క కాలి మీదే ఆగాయి! చివరికి రోడ్డే తట్టుకోలేక, గదిలో తివాచీ ముడత పడుతుందే, అలా ముడత పడిపోయింది. మార్కెట్ మొత్తం నాలుగడుగులు పైకి జరిగింది. పొద్దుటి నుంచి ఒక్క వ్యాపారికీ తన కొట్టు ఎక్కడుందో దొరకడం లేదు."

"మరి నీకు షుగరు బాగా ఎక్కువైందన్నారు?" కొత్త డ్రైవరు నవ్వాపుకుంటూ అడిగాడు.

"ఎవరన్నారు? డాక్టరా? ఆ కథ వినలేదా నువ్వు? ముందు నన్ను బరువు యంత్రం ఎక్కమన్నాడు. ఎక్కా. ముల్లు గిర్రున తిరిగి తిరిగి, మళ్లీ సున్నా దగ్గరికొచ్చి ఆగింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, 'నీకసలు బరువే లేదయ్యా, ఇంకాస్త తిను' అన్నాడు. సరే, వేలు గుచ్చాడు. రక్తం చుక్క బల్ల మీద పడింది. ఏమైందో తెలుసా? చీమలు! వీధిలో చీమలన్నీ ఆసుపత్రి మెట్లెక్కి బారులు తీరాయి. అప్పటినుంచి అక్కడ పంచదార కొనడం మానేశారు. నర్సమ్మకి టీ తాగాలనిపిస్తే నాకు ఫోన్ చేస్తుంది. వెళ్లి గ్లాసులో వేలు ముంచి వస్తున్నా."

పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఒకడికి నవ్వి నవ్వి పొలమారింది. బావమరిదికి మాత్రం ఇంటి దగ్గర అక్క గుర్తొచ్చింది. ఆమె బావ చొక్కా ఉతికిన ప్రతిసారీ జేబులో షుగరు మాత్రలు కరిగి ముద్దయి ఉంటాయి. డ్యూటీలో వేళకి తినడానికి వీలుండదు, స్టాపు స్టాపుకీ తీపి టీ, బిస్కెట్లు. ఇంటికొచ్చాక పగలంతటి ఆకలీ ఒక్కసారి తీర్చుకుని అలాగే పడుకుంటాడు. నిద్రలో గురక మధ్యలో టక్కున ఆగిపోతుంది. మళ్లీ ఊపిరి అందేదాకా అక్క మంచం మీద లేచి కూర్చుంటుంది. 'మీ బావని నువ్వే కనిపెట్టుకుని ఉండరా' అని వాడి చేతులు పట్టుకుంది. కనిపెట్టుకునే ఉన్నాడు. కనిపెట్టుకుని ఉన్నాడు కాబట్టే నిన్న జరిగింది చూశాడు. చూసి, మేనేజరు అడిగితే నోరు మెదపలేదు. నిజం చెబితే అక్క మొగుడి స్టీరింగు పోతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని మెకానిక్ రోడ్డున పడతాడు.

"అన్నీ ఒక్క కాలి మీద!" అంటూ బావ మళ్లీ చెయ్యి ఊపాడు. గ్లాసు ఒరిగింది. పొగలు కక్కుతున్న టీ ఆయన కుడి పాదం మీద పడింది. పాదాలు వాచి బూట్లు పట్టక కొంతకాలంగా ఆయన రబ్బరు చెప్పులే వేసుకుంటున్నాడు. బావ మాట ఆగలేదు. "ఒక్క కాలంటే ఏమనుకున్నారు..."

"అయ్యో నాయనా, కాలు!" పిన్ని అరిచింది.

బావ కిందకి చూశాడు. ఎర్రబడుతున్న చర్మాన్ని ఒక్క క్షణం ఎవరిదో అన్నట్టు చూశాడు. వెంటనే మొహం వెలిగిపోయింది.

"చూశారా? పొయ్యి మీంచి దించిన టీ! ఉలిక్కిపడ్డానా? అదీ తిండి బలమంటే! ఈ కాలికి నొప్పంటే ఏంటో తెలియదు. మొన్నామధ్య చెప్పులోంచి మేకు దిగింది. సాయంత్రం దాకా దాంతోనే బండి నడిపా. ఇంటికెళ్లి చూస్తే చెప్పు కాలికే ఉండిపోయింది, మా ఆవిడ పట్టుకారు పెట్టి లాగింది!"

ఈసారీ నవ్వారు. పొద్దుటి నుంచి బావ చెప్పినవాటిలో ఈ మేకు ఒక్కటే నిజమని బావమరిదికి తెలుసు. ఆ రోజు పట్టుకారు అందించింది తనే. అక్క ఏడుస్తూ లాగింది, బావ టీవీ చూస్తూ కూర్చున్నాడు.

మెకానిక్ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, సరదాకి ఎన్నైనా చెప్పు. మేనేజరు గదిలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. బండి షెడ్డుకి రాగానే కిందకి దూరి మళ్లీ చూశాను. బ్రేకులు బాగున్నాయి. నాకిద్దరు పిల్లలు."

బావ నవ్వు మాయమైంది. "నాకూ ఉన్నారురా పిల్లలు. వాళ్ల మీద ఒట్టు. నా బరువంతా వేసి తొక్కాను. పడలేదు."

ఆ మాటలో కోత లేదు. ఆయన నిజంగా అలాగే నమ్ముతున్నాడు. బావమరిదికి భయమేసింది అందుకే. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడు. ఇది మానేసేది కాదు, రేపు మళ్లీ అదే వాలు దిగుతాడు.

"బ్రేకు బాగానే ఉంది బావా," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీ కాలే దాని మీద లేదు."

మెకానిక్ తలెత్తి చూశాడు.

"నేను పక్కనే నిలబడి ఉన్నా. నీ కాలు పెడల్ మీంచి జారి పక్కనున్న రేకు మీద పడింది. నువ్వు ఆ రేకుని తొక్కుతున్నావు. 'పడట్లేదు, పడట్లేదు' అని అరుస్తూ దాన్నే తొక్కుతున్నావు. హ్యాండ్ బ్రేకు లాగింది నేను."

బావ అందరి మొహాలూ చూశాడు. తర్వాత తొడ చరిచి పెద్దగా నవ్వాడు. "విన్నారా? మావాడు కూడా కోతలు కోయడం నేర్చాడర్రా!"

ఎవరూ నవ్వలేదు. కొత్త డ్రైవరు చూపు నేల మీద ఉంది. పిన్ని పొయ్యి తగ్గించింది. జీవితంలో మొదటిసారి బావని అందరూ జాలిగా చూస్తున్నారు, అది ఆయనకి తెలిసిపోయింది.

"ఏంట్రా ఆ చూపులు? నా కాలు ఎక్కడుందో నాకు తెలియదా?" ఎదురుగా ఖాళీగా ఉన్న స్టూలు మీదికి కుడికాలు రెండు చేతులతో ఎత్తి పెట్టుకున్నాడు. "ఇదిగో, కళ్లు మూసుకుంటా. నువ్వే చెయ్యి వెయ్యరా. వేసిన క్షణంలో చెప్తా. చెప్పలేకపోతే మేనేజరు గదిలోకెళ్లి ఈ బండి తాళాలు నేనే ఆయన బల్ల మీద పెట్టొస్తా. సరేనా?"

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చిన్నపిల్లాడిలా పెదాలు బిగబట్టి, ఇప్పుడే చెప్పేస్తానన్నట్టు కాచుక్కూర్చున్నాడు.

బావమరిది స్టూలు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. టీ పడినచోట అప్పుడే బొబ్బ లేస్తోంది. బొటనవేలి మీద చెయ్యి వేశాడు. బావ మొహంలో మార్పు లేదు. వేలు పట్టుకుని నొక్కాడు. ఇంకా గట్టిగా నొక్కాడు. చివరికి గోళ్లు దింపి గిచ్చాడు. 'చెప్పు బావా, అబ్బా అను, నన్ను తిట్టు, నేనే అబద్ధాలకోరునని అందరి ముందూ అను' అని మనసులో వేడుకున్నాడు. గోటి కింద రక్తం చిమ్మింది. మెకానిక్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బావ కళ్లు మూసుకునే నవ్వాడు.

"ఏరా, ఎంతసేపు? చెయ్యి వెయ్యడానిక్కూడా భయమేనా?"