మోకాలి కింద దిండు

లాస్‌పేటలో ఓ ఇంటి వరండా. ఫుట్‌బాల్ ఆడుతూ దెబ్బ తగిలి మోకాలికి ఆపరేషన్ చేయించుకున్న మనవరాలు అప్పుడే నిద్ర లేచింది. పక్కనే ఆమె అవ్వ.

“అవ్వా, మోకాలి కింద దిండు మళ్లీ ఎవురు పెట్టింది?”

“నేనే. నిద్రలో మూలుగుతా ఉంటివి. పెట్టినాక నిమ్మళంగా పండుకుంటివి.”

“అట్ల పెడితే కాలు వంగినట్టే బిగిసిపోతుందని ఫిజియో అక్క నీ ముందరే చెప్పింది కదా! దిండు మడమ కింద పెట్టాల.”

“చెప్పిందిలే.”

“కాలు నేరుగా చాపలేకపోతే చెన్నై టీములో చేర్చుకోరు.”

“చేర్చుకోకపోతే ఏం? ఈడ ఆడుకోరాదా?”

“ఓహో! అందుకా దిండు?”

“ఛీ, నోర్ముయ్యి. నీ నొప్పి చూడలేకనే పెట్టినా.”

“నన్ను చూసి చెప్పు.”

“ఉండు, కాఫీ పెట్టుకొస్తా.”

“అవ్వా, చెన్నై ఎంత దూరం? శనివారమైతే బస్సెక్కి వచ్చేస్తా.”

“మీ తాత కూడా శనివారం వచ్చేస్తాననే ఆస్పత్రికి పోయినాడు.”

“ఏడవొద్దవ్వా. ఏంది, దిండు తీస్తా ఉండావు?”

“మడమ కింద పెడతా. కాలు చాపు. నొస్తే నా చెయ్యి పట్టుకో.”

“అబ్బా! నొప్పి నాకు కదా అవ్వా, నువ్వెందుకు ఇంత గట్టిగా పట్టుకుంటావు?”