శివనాగరాజన్న అనని మాట

కోటేశ్వరి వదినా, అక్కలారా, అన్నలారా! బెల్లంకొండ నుంచి వచ్చినవాళ్ళున్నారు, అచ్చంపేట నుంచి వచ్చినవాళ్ళున్నారు, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నవాళ్ళున్నారు. నరసరావుపేటలో ఒక డిజిటల్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ పోతే ఇంతమంది వస్తారా? ఫోన్లలో ప్రకటనలు వేసే ఆ ఉద్యోగమేంటో మనలో సగం మందికి తెలియదు. అయినా వచ్చాం. డెంగీ జ్వరం మన శివనాగరాజన్నను ముప్పై ఆరేళ్ళకే తీసుకుపోయింది. ఆ మాట ఇంకా నా నోటికి అలవాటు కాలేదు.

నేను ఏడవడానికి రాలేదు. ఆయన ఏడవనిచ్చే మనిషి కాదు. గొడవ పడటానికి వచ్చాను. నా వెనక ఈ తెర చూశారా? నా ప్రసంగం అయ్యాక దీని మీద ఒక వీడియో వేస్తారట. అందులో అన్న చేతులు జోడించి, "నేను లేకపోయినా మా ఆఫీసు మీ వెంటే ఉంటుంది" అంటాడట. అన్న ఆ మాట ఏనాడూ అనలేదు. కంప్యూటరు చేత అనిపించారు. మొహం ఆయనది, గొంతు ఆయనది, మాట మాత్రం ఆఫీసుది. రేపటి నుంచి ఊరూరా ఫోన్లలో అదే తిరుగుతుందట. చేయించింది ఆయన పనిచేసిన ఆఫీసు యజమాని సుధాకర్ గారు. ముందు వరుసలోనే ఉన్నారు. చెడ్డమనిషి కాదు. అన్నను ఆసుపత్రిలో చేర్చిందీ, రక్తం కోసం తిరిగిందీ ఆయనే. అయినా ఆ వీడియో వేయకూడదంటున్నాను. ఎందుకో చెప్తాను, వినండి.

ప్రకటన అంటే నాకు ఒళ్ళు మంట. అవసరం లేనివాడికి అవసరం పుట్టించడమే దాని పని అని నేను చదివిన, ఊళ్ళో పంచిన కరపత్రాలన్నీ చెప్పాయి. ఇప్పటికీ నమ్ముతాను. అవి చేత పట్టుకుని టీ కొట్టు దగ్గర అన్నతో ఎన్నిసార్లు కొట్లాడానో! అంతా విని, "ఒరేయ్, నీ కరపత్రం కూడా ప్రకటనే కదరా. కాకపోతే అక్షరాలు చీమల్లా ఉన్నాయి, ఎవడు చదువుతాడు?" అనేవాడు. తర్వాత దానికి పెద్ద అక్షరాలు పెట్టించిందీ ఆయనే. ఆ రోజు టీ మాత్రం నాచేతే ఇప్పించాడు.

ఆయన పనికి ఒకటే పద్ధతి. సరుకు గురించి ఏం చెప్పాలన్నా అమ్మేవాళ్ళే తమ మొహంతో, తమ నోటితో చెప్పాలి. అద్దె మొహాలు లేవు, అరువు గొంతులు లేవు.

ఒక విత్తనాల షాపాయన ఉన్నాడు. పేరు చెప్పను, ఇక్కడే కూర్చుని నవ్వుతున్నాడు. మిరప విత్తనాలకు ఎకరానికి నలభై క్వింటాళ్ళు గ్యారంటీ అని వేయమన్నాడు. అన్న కాదన్నాడా? అనలేదు. ఫోన్ కెమెరా తెరిచి, "నలభై అని నువ్వే చెప్పు బాబాయ్, తీస్తా" అన్నాడు. షాపాయన జుట్టు దువ్వుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు, నోరు తెరిచాడు. నలభై రాలేదు. ముప్పై అనబోయి ఆగాడు. "రేపు రైతులు నా మొహం గుర్తుపట్టి షాపు మీదకొస్తే ఏందిరా నా గతి?" అన్నాడు. చివరికి, నీళ్ళు సరిపోయి తెగులు రాకపోతే ఇరవై దాకా చూడొచ్చని చెప్పాడు. అదే పెట్టారు. ఆ ఏడు ఆ షాపులో విత్తనాలు మిగల్లేదు. అబద్ధాన్ని చట్టంతో ఆపాలని నేను ఉపన్యాసాలిచ్చాను. అన్న ఫోన్ కెమెరాతో ఆపాడు!

పచ్చళ్ళు పెట్టే మాబున్నీసా పిన్నిని అడగండి. ఆవిడ తన వీడియోలో ఏమంది? "గోంగూర పచ్చడి చానా కారం. పిల్లలకు పెట్టమాకండి. తడి చెయ్యి పెట్టి పాడు చేసుకుని నన్ను తిట్టమాకండి" అంది. బెంగళూరు నుంచి ఆర్డర్లు! కామెంట్లకు జవాబివ్వడం కూడా అన్న నేర్పాడు. ఇక పిన్ని ఊరుకుంటుందా? ఉప్పెక్కువైందన్న ఒకాయనకు, "అన్నం ఎక్కువ కలుపుకో, నీకది కూడా చెప్పాలా?" అని పెట్టింది. సుధాకర్ గారు కంగారుపడి అది తీసేయమన్నారు. "తీస్తే ఆవిడ ఆవిడలా ఉండదండీ" అన్నాడు అన్న. ఆ జవాబు ఇవాళ్టికీ అక్కడే ఉంది.

ఆయన తప్పు చేయలేదా? చేశాడు. అచ్చంపేటలో ధనుంజయరావు గారి నర్సరీకి ప్రకటన వేశాడు. మ్యాపు మీద ఊరి చుట్టూ గుండ్రం గీస్తే, అందులో ఉన్నవాళ్ళ ఫోన్లలో ప్రకటన కనిపిస్తుంది. గీశాడు. మధ్యలో కృష్ణ పారుతోందని మర్చిపోయాడు! అవతలి ఒడ్డు రైతులు నర్సరీ పక్కనే ఉందనుకుని మిరపనారుకు ఆర్డర్లిచ్చేశారు. రోడ్డున రావాలంటే చుట్టు తిరిగి తిరిగి నారు వాడిపోతుంది. ఇంకొకరైతే ఆర్డర్లు రద్దు చేసేవాళ్ళు. అన్న మాదిపాడు రేవులో బల్లకట్టు మీద నారు ట్రేలు ఎక్కించి, తానే అవతలికి పోయాడు. బల్లకట్టు మీద నిలబడి తనను తానే వీడియో తీసుకున్నాడు. "తప్పు నాది. ఏరు నా కంటికి ఆనలేదు. నారు తెస్తున్నా, రేవుకు రండి" అన్నాడు.

ఎప్పుడూ కెమెరా వెనకుండే మనిషి. ఆయన మొహం కనపడే వీడియో అదొక్కటే. సుధాకర్ గారూ, మీ కంప్యూటరు ఆయన మొహాన్నీ గొంతునూ తీసుకున్నది దాంట్లోంచే. 'తప్పు నాది' అని ఒప్పుకున్న నోటితోనే మీ ఆఫీసును పొగిడించారు సార్!

పొద్దున అన్న ఇల్లాలు కోటేశ్వరి వదినను అడిగాను, ఏం చేద్దామని. "ఆయన ఎవరి నోట్లోనూ మాట పెట్టలా. ఇప్పుడు ఆయన నోట్లో పెడతారా?" అంది. అంతే అంది. నేనింతసేపు అరిచింది ఆవిడ ఆ రెండు ముక్కల్లో చెప్పేసింది.

సుధాకర్ గారూ, మీ ఆఫీసు మంచిదని చెప్పుకోవాలా? లేచి మీ మొహంతో, మీ నోటితో చెప్పండి. పల్నాడువాళ్ళం, మొహం మీద చెప్తే నమ్ముతాం. నచ్చకపోతే మొహం మీదే తిడతాం.

లేస్తున్నారు. తెర దగ్గరకే వస్తున్నారు... వీడియో వేయకుండా తెర ఆపేశారు. రండి సార్, ఇక్కడే నా పక్కన నిలబడండి.

ఇక అందరం లేద్దాం. మెట్ల మీదివాళ్ళు కూడా లేవండి. రెండు నిమిషాలు ఆయన తరఫున ఎవ్వరూ ఏమీ అనొద్దు. ఆయన చెప్పినంత చెప్పాడు. నేను నోరు మూసుకోవడం అన్న ఏనాడూ చూడలేదు. ఇదిగో, మూసుకుంటున్నాను.