కంప్యూటర్‌ల జొర్రిన దొంగ

పురానాపూల్ దగ్గర రఫియా ఇల్లు. 2005. చీరల మీద జరీ పనికి డిజైన్లు గీసి కుట్టించడం ఆమె వృత్తి. కంప్యూటర్ బాగుచేయడానికి, ఆమెను ‘ఆపా’ (అక్కా) అని పిలిచే ధూల్‌పేట నర్సింహ మళ్లీ వచ్చాడు.

“ఆగు, ఆగు. దాన్ని తియ్యకు నర్సింహా.”

“తియ్యకపోతే ఎట్ల ఆపా? తియ్యనీకే గద పిలిచినవ్?”

“పిలిచిన. ఇప్పుడొద్దంటున్న. చెయ్యి తీయ్ ముందుగాల, ఆ మౌస్ మీదికెల్లి.”

“స్పైవేర్ ఆపా అది. నువ్వు ఏం గీసినా పది నిమిషాలకొక ఫోటో కొడ్తది. నెట్ పెట్టంగనే ఎవనికో మెయిల్ పంపుతది. దొంగను ఇంట్ల పెట్టుకొని అన్నం పెడ్తవా?”

“పెడ్త. కడుపు నిండ పెడ్త. రెండు నెలల సంది తెల్వక పెట్టిన. ఈసారి తెలిసే పెట్టిన.”

“ఏం పెట్టినవ్?”

“చాయ్ తాగు, చెప్త.”

“చాయ్ తర్వాత. ఏం పెట్టినవ్ ఆపా?”

“చార్మినార్ కాడ బాబురావు సేఠ్ దుకాణం ఎరుకేనా? గాజుల దుకాణాల ఎనక గల్లీల?”

“ఏమో... మస్తు దుకాణాలుంటయి గాడ.”

“నేను ఈడ కూసొని కండ్లు గుంజంగ డిజైన్ గీస్త. నా కారీగర్లు ఇంకా సూదిల దారమన్న ఎక్కియ్యరు, ఆ సేఠ్ దుకాణం అద్దంల అదే చీర ఏలాడ్తది. అదే తీగె, అదే మొగ్గ. మొన్న నా పాత గిరాకీ శాలిబండ బేగం వచ్చి నా మొహం మీదనే అడిగింది, ‘రఫియా, బాబురావు మాల్ చూసి నకలు కొడ్తున్నవంట గద’ అని. నేను! నకలు! మా అమ్మీ చేతికెల్లి నా చేతికొచ్చిన తీగె అది.”

“పోనీ తీ ఆపా, ఎవరేమంటే ఏంది...”

“ఎట్ల పోనియ్యాలె? పెండ్లిళ్ల పని వాపస్ పోయింది. కారీగర్లు ఇద్దరు ఇడిసి పోయిన్రు. ఇంకొక్క నెల గిట్లనే అయితే కార్ఖానాకు తాళమే.”

“గందుకే అంటున్న, తీసేద్దాం. మళ్ల ఫార్మాట్ కొడ్త.”

“మొదలు తీసినవ్, వారంల వచ్చింది. రెండోసారి ఫార్మాట్ కొట్టినవ్, మళ్ల వచ్చింది.”

“మొండిది ఆపా అది. నువ్వు ఏదో పాటల సైట్ నొక్కి ఉంటవ్.”

“ఏమో, నాకేం తెలుసు? డాక్టర్‌వి నువ్వు.”

“సరే, ఏం పెట్టినవో గది చెప్పు.”

“ఇరవై దినాల కింద ఒక డిజైన్ గీసిన. అసొంటిది జిందగీల గీయలే. రెండు అంచుల మీదికెల్లి రెండు తీగెలు పాకుతయి. కొంగు కాడికొచ్చి ఒకదాన్నొకటి పట్టుకోవాలె.”

“పట్టుకోవా?”

“బెత్తెడు ఎడం. కాయితం మీద జూస్తే దొరకదు. చీర మొత్తం కుట్టుకుంట వచ్చినంక, ఆఖరుకు కొంగు కాడ దొరుకుతది. ఇప్పుదామంటే పట్టు మీద అన్ని సూది బొక్కలే. ఇప్పకుంటే కుంటి చీర.”

“...ఎన్ని కుట్టిన్రు?”

“గంత చిన్నగ అడుగుతున్నవేంది?”

“ఊకెనే. ఎన్ని?”

“నకలు కొట్టినన్ని. పెండ్లి పీటల మీద పిల్ల కూసుంటది, చుట్టాలంత ఆ కొంగే జూస్తరు. సేఠ్ పరువు మూసీల కలుస్తది. నా కడుపుల మంట గప్పుడు సల్లారుతది.”

“ఆ పిల్లలేం చేసిన్రు ఆపా?”

“నేనేం చేసిన?”

“గట్ల కాదు... ఏ డిజైన్ అది? మొగ్గలదా, చిలుకలదా?”

“ఏంది?”

“మొగ్గల తీగెనా, చిలుకల తీగెనా అంటున్న.”

“చిలుకల తీగె ఇంకా ఏ దుకాణంల ఎక్కలే నర్సింహా. నా కారీగర్లకు గూడ చూపియ్యలే. ఉందని నీకెట్ల ఎరుక?”

“ఇప్పుడు... ఈడ కంప్యూటర్ల కనబడ్డది.”

“నా డిజైన్ల ఫోల్డర్ ఇంకా తెరవనే లేదు, నువ్వు ఆ స్పైవేర్ లిస్టు కాడనే ఉన్నవ్.”

“ఆపా, నీ కాళ్లు మొక్కుత. చిలుకలదేనా?”

“చిలుకలదే.”

“అయ్యో! అయ్యో, ఎల్లుండే గద ఆపా!”

“ఎల్లుండి ఏంది?”

“లగ్గం. మా సాయిప్రియ లగ్గం. ఆ చీరనే. మొన్న సేఠ్ ఇస్తే మడత గూడ ఇప్పకుంట బీరువల పెట్టిన. నువ్వు కుట్టి కలుపుతవా? ఎట్లన్న కలుపు ఆపా!”

“మీ చెల్లె చీర బాబురావు కాడికి ఎందుకు పోయింది?”

“ఉత్తగ కుట్టిస్తనన్నడు.”

“ఆ సేఠ్ ఉత్తగ సలామ్ గూడ కొట్టడు. ఏమిచ్చినవ్?”

“ఆపా...”

“ఏమిచ్చినవ్? నీ నోటితోని చెప్పు.”

“నీ డిజైన్లు. నేనే ఏసిన ఆపా దాన్ని. కంప్యూటర్ మెల్లగ నడుస్తుందని మొట్టమొదలు పిలిచినవ్ గద, గప్పుడే ఏసిన. తీసినట్టు జేసి మళ్ల ఏసిన. ఫార్మాట్ కొట్టి నా సీడీలకెల్లే మళ్ల ఎక్కిచ్చిన. మెయిల్ నాకే వస్తది. ప్రింట్ తీసి సేఠ్‌కిస్త.”

“ఎరుకే. రెండోసారి నువ్వు గడప దాటంగనే టెలిఫోన్ వైర్ పీకి పెట్టిన. నెట్ కెఫే హమ్మాద్ భాయ్ వచ్చి చూసిండు. నెట్ లేదు, ఏం లేదు, అది మాత్రం కుదురుగ కూసోనుంది. నువ్వు తప్ప ఇంకెవ్వరు ముట్టలే. గది తెలిసినంకనే వైర్ మళ్ల పెట్టిన.”

“తెలిసి గూడ గిప్పటిదాంక...”

“నీ నోట్లకెల్లి రావాలె. నన్ను నకలుదాన్ని చేసింది నువ్వే.”

“చెల్లె కోసం చేసిన ఆపా.”

“నన్ను అడిగితే అయిపోతుండె! పదేండ్లప్పుడు నా కార్ఖానాల సూది పట్టింది ఆ పిల్ల. నా బిడ్డకు కుట్టినట్టు కుడ్తుంటి.”

“అడగనీకి సిగ్గైంది.”

“అడగనీకి సిగ్గు. దొంగతనానికి లేదు.”

“తిట్టు, కొట్టు, పోలీసులకు పట్టియ్యి. శాలిబండ బేగం ముంగట ముక్కు నేలకు రాస్త. చీర ఒక్కటి బాగుజెయ్యి. సాయిప్రియకు మాత్రం తెల్వద్దు. అమ్మ పోయినంక నేనే సాదిన దాన్ని. తెలిసిందంటే మళ్ల నా మొహం జూడదు.”

“గంతేనా నీ భయం? సేఠ్ కాదు, పోలీసులు కాదు, గదొక్కటేనా?”

“గదొక్కటే ఆపా.”

“అయితే ఇను. వంకర డిజైన్ నేనేం గీయలే. అసొంటిది గీయనీకి నా చెయ్యి రాదు. చిలుకల తీగె కొంగు కాడ మంచిగనే కలిసింది, పొద్దుగాల నా కండ్లతోని చూసిన.”

“ఎట్ల చూసినవ్? చీర మా బీరువల ఉంది గద!”

“నా కాడ సూది పట్టిన పిల్ల నా తీగెను గుర్తుపట్టదా? ఏడ్చుకుంట తెచ్చి నా ఒళ్లె పెట్టింది. సాయిప్రియా, ఇన్నవ్ గద బిడ్డా! పరదా జరిపి బయటికి రా, ఆ చీర మీ అన్న చేతులల్ల పెట్టు.”