నిచ్చెన పెరిగిన నాలుగంగుళాలు

"నమ్మితే నమ్మండి, లేకపోతే టీ తాగండి. నిచ్చెనగాడు ఈ రెండో సీజన్లో దుమ్ము లేపుతాడని ఊళ్ళో అందరికంటే ముందు చెప్పింది నేనే. కోచ్ కంటే ముందు. వాణ్ణి కన్నతల్లి కంటే ముందు."

టీ కొట్టు బెంచీ మీద కాలుమీద కాలేసుకుని మొదలుపెట్టాడు టైలర్ బాబాయ్. పక్కనే ఆయన కొట్టు. మెడలో ఎప్పుడూ ఉండే కొలతల టేపు ఆయన చెయ్యి ఊపినప్పుడల్లా తనూ ఊగుతోంది. అరమీది టీవీలో మ్యాచ్ ఇంకా మొదలవలేదు.

నిచ్చెన అంటే మా క్లబ్బు బాస్కెట్‌బాల్ టీములో సెంటరు. బుట్ట కింద నిలబడి, వచ్చిన బంతినల్లా లాక్కోవాల్సిన పొడుగు కుర్రాడు. పోయినేడే జీతానికి చేరాడు, చేతికందిన బంతినల్లా జారవిడిచాడు. ఈ ఏడూ ఇలాగే ఆడితే ఇంటికి పంపేస్తామని క్లబ్బువాళ్ళు తేల్చి చెప్పేశారు. ఈ రోజే మొదటి మ్యాచ్. వేసుకునే కొత్త నిక్కరు బాబాయ్ కుట్టిందే.

"అసలు సంగతి చాలా చిన్నది. పోయినేడు వాడెందుకు ఆడలేకపోయాడు? కొందరు భయమన్నారు, కొందరు బద్ధకమన్నారు. నేను మాత్రం వాడి ఎడమచెయ్యి చూశాను. నిక్కరు పట్టుకుని ఉంది! రెడీమేడు సరుకు, నడుం వదులు. పాపం సిగ్గరి పిల్లాడు, ఎవరికీ చెప్పుకోలేక సీజనంతా ఒంటిచేత్తో ఆడాడు. తిన్నగా మేనేజరు దగ్గరికెళ్ళి, సార్, వీడికి కావాల్సింది కోచ్ కాదు, టైలరు అన్నాను."

"ఇంతవరకూ నమ్మొచ్చు" అన్నాడు టీ మాస్టారు, గ్లాసులు కడుగుతూ.

"అందుకే ఇక్కడ ఆపను. పోయిన వారం కొలతలకి పిలిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెయ్యి కొలిస్తే, పోయినేడు క్లబ్బువాళ్ళు రాసుకున్న కొలతకంటే నాలుగంగుళాలు ఎక్కువ. కాలు నాలుగంగుళాలు. ఛాతీ నాలుగు, నడుం నాలుగు. నాకే అనుమానమొచ్చి బొటనవేలు కొలిచాను. అదీ నాలుగే!"

"బొటనవేలు కూడానా బాబాయ్?" అన్నాడు బస్సు డ్రైవరు. టీ పొలమారింది వాడికి.

"అదేరా మరి! ఒకటి పెరిగి ఒకటి పెరగకపోతే అది రోగం. అన్నీ ఒక్కలాగే పెరిగితే అది యోగం. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. ఈ పువ్వు రెండో ఏడు పరిమళిస్తుందని టేపు పట్టుకుని చెప్పాను నేను. జారకుండా నడుంకి నాడా పెట్టవయ్యా అన్నాడు మేనేజరు. కొలతమీద నమ్మకంలేనివాడు పెడతాడు సార్ నాడా, అన్నాను. నోరు మూసుకున్నాడు."

"తర్వాత?"

"తర్వాత మొన్న ప్రాక్టీసు చూడ్డానికెళ్ళాను. ఇంకా పాత నిక్కరే, ఇంకా ఒంటిచెయ్యే. బంతి కోసం ఎగిరాడు. ఎగిరాడా... దిగలేదు! రిఫరీ ఈల వేసి వేసి ఊపిరి చాలక కూలబడ్డాడు. మేం టీ తాగాం. వానొచ్చి వెలిసింది. తడిసింది మేమే, వాడు కాదు, మబ్బుకి పైనున్నాడుగా! చీకటిపడితే పైనుంచి ఒకటే కేక, 'బాబాయ్, నాకింకా సూర్యుడు కనిపిస్తూనే ఉన్నాడు, ఎంత బాగున్నాడో!' అని. బెంగపడతాడేమోనని ఈ టేపు విసిరాను. కొస పట్టుకున్నాడు. గాలిపటాన్ని దించినట్టు మెల్లగా దించాను. జుట్టు నిండా నక్షత్రాల పొడి! దులిపితే గుప్పెడు రాలింది. మీ పిన్ని బొత్తాల డబ్బాలో దాచింది, కావాలంటే అడగండి. ఎదుటి టీమువాళ్ళు వాణ్ణి ఆపడానికి ఫైరింజను మాట్లాడుకున్నారట!"

అప్పటికే పిన్ని ఆ డబ్బా చేత్తో పట్టుకుని కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది.

"అవి చమ్కీలు" అంది.

"నువ్వూరుకోవే, అదిగో మ్యాచ్! అదిగో మనవాడు! చూడండ్రా ఆ నిక్కరు, ఆ కుట్టు!" బాబాయ్ కళ్ళు తడిశాయి. కోతలెన్ని కోసినా ఆ పిల్లాడంటే ఆయనకి నిజంగా ప్రాణం. మెడలోంచి టేపు తీసి గాల్లో ఊపాడు. "ఈ టేపుకి దండ వెయ్యాలి!"

పిన్ని ఆ టేపు వంకే చూసింది. "ఏవండీ, వాణ్ణి కొలిచింది దీనితోనా?"

"మరి దేనితో?"

"పోయిన నెల ఇస్త్రీపెట్టె దానిమీద పెట్టి మీరు కబుర్లలో పడితే కొస కాలిపోయింది. కాలిన నాలుగంగుళాలూ నేనే కత్తిరించేశాను. కొత్తది కొనేదాకా కొలిచినప్పుడల్లా నాలుగు తీసెయ్యమని చెప్పానా, లేదా?"

డ్రైవరు మెల్లగా టేపు లాక్కుని తన బొటనవేలికి ఆనించి చూసుకున్నాడు.

"బాబాయ్, నాదీ పెరిగింది."

టీవీలో బంతి బుట్ట అంచుకి తగిలి పైకి లేచింది. దాని కిందే ఉన్నాడు నిచ్చెన. కుడిచెయ్యి చాచాడు. ఎడమచెయ్యి మాత్రం నడుం దగ్గర్నించి కదల్లేదు. బంతి వేళ్ళకి తగిలి జారిపోయింది.

"ఈ కుర్రాడు ఈసారి కూడా ఒంటిచేత్తోనే ఎందుకు ఆడుతున్నాడో!" అన్నాడు టీవీలో వ్యాఖ్యాత.

బాబాయ్ ముఖం ఉతికిన గుడ్డలా తెల్లబోయింది. మరుక్షణం గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు.

"డ్రైవరూ, బస్సు తియ్యరా! విరామంలోపు స్టేడియంలో ఉండాలి!"

పిన్ని డబ్బాలో వెతికి గుప్పెడు పిన్నీసులు తీసి ఆయన చేతిలో పోసింది. రెండో చెయ్యి చాపింది.

"ఇవి తీసుకెళ్ళండి. ఆ టేపు మాత్రం ఇక్కడిచ్చి కదలండి."